ఓడే టీమ్‌లో ఉద్యోగానికి వెళ్తున్న మేనకోడలికి

చిట్టీ,

నీకు బేస్‌బాల్ టీమ్ ఆఫీసులో ఉద్యోగం వచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. అదీ కిందటేడు వందకు పైగా గేమ్‌లు ఓడిన టీమ్‌లో! గర్వంతో నలుగురికీ చెప్పుకున్నాను కానీ, రాత్రి నిద్ర పట్టలేదు.

స్కౌట్‌లతో (కొత్త ఆటగాళ్లను వెతికేవాళ్లతో) గొడవ పెట్టుకోకు, లెక్కలు రెండుసార్లు చూసుకో. ఇవి నీకు చెప్పక్కర్లేదు. నా టెన్షనంతా నవంబర్‌లో మొదలయ్యే ఫ్రీ ఏజెంట్ల బేరాల గురించే, అదే, కాంట్రాక్ట్ ముగిసి ఏ టీమ్‌కైనా వెళ్లగలిగే ఆటగాళ్ల బేరాలు. పేరున్న ఆటగాడు ఓడే టీమ్‌కు ఊరికే రాడు. గెలిచేవాళ్లు ఐదేళ్లు ఇస్తామంటే మీరు ఏడేళ్లు ఇవ్వాలి. ఆ పై రెండేళ్లూ చెడ్డపేరుకు కట్టే జరిమానా. కట్టొద్దనను. కట్టాక ఏం చేస్తారన్నదే నా భయం.

మా ఊరి టీమ్ రేంజర్స్ సంగతి విను. 2000 డిసెంబర్‌లో స్టార్ ఆటగాడు అలెక్స్ రోడ్రిగెజ్‌కు పదేళ్లకు 25.2 కోట్ల డాలర్లు రాసిచ్చారు. ఓనర్ టీమ్ మొత్తాన్ని కొన్నదే దాదాపు 25 కోట్లకు! అతను ఆడలేదా అంటే, బ్రహ్మాండంగా ఆడాడు. 2001లో 52 హోమ్ రన్లు (క్రికెట్ సిక్సర్ల లాంటివి), 2002లో 57, 2003లో ఎంవీపీ, అంటే లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడి అవార్డు. అయినా ఆ మూడేళ్లూ డివిజన్‌లో, అంటే లీగ్‌లోని మన గ్రూపులో, మనం ఆఖరే. పిచింగ్ లేదు తల్లీ, బంతి బాగా విసిరేవాళ్లే లేరు. ఇతను ఎన్ని కొట్టినా అవతలివాళ్లకు అంతకంటే ఎక్కువ రన్లు ఇచ్చేసేవాళ్లం. 2004లో యాంకీస్‌కు పంపేశారు, అతని జీతంలో 6.7 కోట్లు మేమే కడతామని ఒప్పుకుని మరీ. 2010లో టీమ్ దివాలా కోర్టుకు వెళ్తే, తాకట్టు లేని అప్పుల జాబితాలో అన్నిటికంటే పెద్ద బాకీ అతనిదే. ఆ అక్టోబర్‌లోనే యాంకీస్‌ను ఓడించి రేంజర్స్ తొలిసారి వరల్డ్ సిరీస్‌కు, అంటే ఛాంపియన్‌షిప్ ఫైనల్‌కు, వెళ్లారు. ఆఖరి అవుట్ ఎవరనుకున్నావ్? అతనే. బ్యాట్ కదపకుండా నిలబడిపోయాడు. మీ అత్త సోఫా ఎక్కి గెంతుతుంటే, "వాడి బాకీ తీర్చారో లేదో పాపం" అన్నాను నేను.

2021లో మళ్లీ 102 ఓటములు. ఆ చలికాలం సీగర్, సెమియన్ అనే ఇద్దరు ఆటగాళ్లకు కలిపి 50 కోట్లు. మరుసటేడూ 94 ఓడారు. అక్కడితో ఆగకుండా బ్రూస్ బోచీని మేనేజర్‌గా (మైదానంలో టీమ్‌ను నడిపించే కోచ్‌గా) తెచ్చి, పిచర్ల మీద ఖర్చు పెట్టారు. 2023లో వరల్డ్ సిరీస్ గెలిచారు. సీగర్ వెనకాల మనుషులొచ్చారు, రోడ్రిగెజ్ వెనకాల రాలేదు.

అందుకే, ఓనర్ జెర్సీ పట్టుకుని ఫొటోలకు నిలబడకముందే అడుగు: ఇతని తర్వాత ఎవరు, వాళ్లకు డబ్బు మిగిలిందా? కాంట్రాక్ట్‌లో ఆఖరి మూడేళ్లు ముందు చదువు. ముప్పై ఐదు దాటిన మోకాళ్ల సంగతి నా నడక చూసినదానివి, నీకు వేరే చెప్పాలా? కొత్తదాన్ని కదా అని నోరు మూసుకుని కూర్చోకు. మీ అమ్మతో వాదించేదాంట్లో సగం అక్కడ వాదించు చాలు.

జీతమెంతో మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆటగాళ్లకు కోట్లు కుమ్మరించే చోట మీలాంటి పిల్లలకు అద్దె డబ్బులకే కటకట అంటారు. నెలాఖరుకు ఇబ్బందైతే అమ్మకు చెప్పకు, కంగారు పడుతుంది. నాకు ఫోన్ చెయ్యి.

మీ పెద్దమామయ్య
ఆర్లింగ్టన్, టెక్సస్