ఆ పేరు ఎవరు పెట్టారు?

తమ్ముడికి,

ఆశీస్సులు. నువ్వు పంపిన మూడు కథలూ రెండేసిసార్లు చదివాను. సంభాషణలు బాగా వచ్చాయి, వాటి జోలికి వెళ్లకు. నన్ను ఆపింది పేర్లు. ధైర్యం గల కుర్రాడు అసద్, తీరిక లేకుండా పనిచేసే టీచరమ్మ దెబోరా, బెదురు చూపుల కోడలు హరిణి. అరబ్బీలో అసద్ సింహం, హీబ్రూలో దెబోరా తేనెటీగ, హరిణి అంటే ఆడజింక. వెతికి మరీ పెట్టావని తెలిసిపోతోంది. పేరు చూడగానే మనిషి గుణం తెలిసిపోతే పాఠకుడు ఇంక దేని కోసం చదవాలి?

బిడ్డ ఎలాంటిదో తెలియకముందే పేరు పెడతారు. అందుకే పేరులో కనిపించేది పెట్టినవాళ్ల ఆశ, భయం, మొక్కు. మనలో ఎందరో నాగమణులు, నాగరాజులు. పిల్లల్లేక నాగుల చవితికి పుట్టలో పాలు పోసి, సుబ్బారాయుడికి మొక్కుకున్న తల్లి ఆ పేరు వెనక ఉండొచ్చు. నాగరాజు చేత బుసలు కొట్టించక్కర్లేదు. ఆ తల్లి ఎన్నేళ్లు ఎదురుచూసిందో ఒక్క వాక్యంలో చెప్పు.

నీ రెండో కథ విజయనగరం పక్క పల్లెలో జరుగుతోంది కదా, అందులో చేపలమ్మే ముసలమ్మకి సింహాచలం అని పెట్టి చూడు. అక్కడ ఆ పేరు మగవాళ్లకీ ఉంటుంది, ఆడవాళ్లకీ ఉంటుంది. పిలిచేవాళ్లకి సింహం గుర్తే రాదు, అప్పన్న కొండ గుర్తొస్తుంది. ఊరు, వయసు, భక్తి అన్నీ ఆ ఒక్క పిలుపులో వచ్చేస్తాయి.

దెబోరాని మాత్రం మార్చకు. క్రైస్తవ ఇళ్లలో ఆ పేరు పెట్టేది బైబిల్లో చెట్టు కింద కూర్చుని తీర్పులు చెప్పిన, సైన్యంతో పాటు యుద్ధానికి నడిచిన స్త్రీని తలుచుకుని. వాళ్ల నాన్న ఆ కథ చెప్పి పెంచాడని ముందే రాస్తే, ఆమె హెడ్మాస్టర్‌కి ఎదురు తిరిగే సీన్ ఇంకా బాగా నిలబడుతుంది.

పేరుకి చరిత్ర కూడా అంటుకుంటుంది. జర్మన్ల పాత పేర్లలో తోడేలు మామూలే. అడాల్ఫ్‌లో ఉంది, వోల్ఫ్‌గాంగ్‌లోనూ ఉంది. 1945 తర్వాత పిల్లలకి అడాల్ఫ్ అని పెట్టడం దాదాపు మానేశారు, వోల్ఫ్‌గాంగ్ అని పెడుతూనే వచ్చారు. తోడేలు రెండింట్లోనూ అదే. మారిందల్లా ఆ పేరు వినగానే కళ్లముందుకొచ్చే మనిషి.

ఇక అసద్. వాళ్లది పాతబస్తీలో షియా కుటుంబమనీ, మొహర్రానికి ఇంట్లో అలం, అదే పీరు, నిలబెడతారనీ నువ్వే రాశావు. అలాంటి ఇంట్లో అబ్బాస్ అన్న పేరు ఎంత సహజంగా ఉంటుందో ఆలోచించు. కర్బలా యుద్ధంలో జెండా పట్టి, దాహంతో ఉన్న పిల్లల కోసం నీళ్లు తేబోయి ప్రాణాలిచ్చిన అబ్బాస్‌ని వాళ్లు ఏటా తలుచుకుని ఏడుస్తారు. అరబ్బీలో ఆ పేరుకీ సింహమనే అర్థం. కానీ నీ కుర్రాడు వీధిలో దాహమన్నవాడికి నీళ్లిచ్చే సీన్ ఉంది చూడు, అక్కడ వాళ్లమ్మ అతన్ని ఆ పేరుతో పిలిస్తే చాలు, నువ్వు ఇంకేమీ వివరించక్కర్లేదు.

సంక్రాంతిలోగా తిరగరాసి పంపు. వెంటనే చదువుతాను.