పెరట్లో చిలుక పంజరం, పక్కింటి పిల్లి: చట్టం ఏమంటుంది?

ప్రశ్న: మా ఇంట్లో రెండు చిలుకలున్నాయి. ఒకటి కొనుక్కున్న ఆఫ్రికన్ గ్రే. రెండోది పిల్లగా ఉన్నప్పుడు తెలిసినవాళ్లు ఇచ్చిన రామచిలుక. రెండింటినీ పెరట్లో పెద్ద పంజరంలో ఉంచుతున్నాం. మొన్న రాత్రి పక్కింటి పిల్లి పంజరం మీదికి దూకి గ్రే కాలు గీరేసింది. వాళ్లను అడిగితే "చిలుకలను బయట పెట్టడమే నేరం, మీ మీదే కేసు పెడతాం" అంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. తప్పు మాదేనా?

జవాబు: కేసు సంగతి తర్వాత. ముందు గ్రేని పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. పిల్లి నోట్లో, గోళ్లలో ఉండే బ్యాక్టీరియా చిన్న గాటులోంచి కూడా రక్తంలోకి చేరి పక్షి ప్రాణం తీయగలదు. పైకి బాగానే కనిపిస్తోందని ఆగొద్దు. మందుల చీటీ, బిల్లు దాచండి, రేపు అవే మీకు సాక్ష్యం.

పంజరం బయట ఉండటం నేరమని ఏ చట్టమూ చెప్పదు. చట్టం చూసేది రెండే: అది ఏ పక్షి, దాన్ని ఎలా చూసుకుంటున్నారు. మీకు అసలు చిక్కు మొదటిదాంట్లో ఉంది.

రామచిలుక మన అడవి పక్షి. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972కి 2022లో చేసిన సవరణ తర్వాత అది షెడ్యూల్ 2 కిందికి, అంటే ఆ చట్టం రక్షించే ప్రాణుల రెండో జాబితాలోకి వస్తుంది. దాన్ని పట్టడం, అమ్మడం, కొనడం, ఇంట్లో ఉంచుకోవడం అన్నీ నేరాలే. సెక్షన్ 51 ప్రకారం మూడేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. ఎవరో ఇచ్చారంటే కుదరదు. అలాగని భయపడి పంజరం తలుపు తీసి వదిలేయకండి. మనుషుల చేతుల్లో పెరిగిన పిట్టకు మేత వెతుక్కోవడం, డేగను తప్పించుకోవడం తెలియదు. అటవీ శాఖకు లేఖ రాసి అప్పగించి, రసీదు తీసుకోండి. స్వయంగా అప్పగించినంత మాత్రాన కేసు ఉండదని చట్టంలో లేదు కాబట్టి, ముందుగా ఆ లేఖను దగ్గర్లోని లాయరుకు చూపించండి. అయినా ఫిర్యాదు అందుకుని అధికారులు మీ గుమ్మంలోకి రావడం కన్నా మీరే వెళ్లడం నయం. పెంచిన పిట్టను ఇచ్చేయడం ఎంత కష్టమో తెలుసు. కానీ దీనికి వేరే దారి లేదు.

ఆఫ్రికన్ గ్రే విషయం వేరు. అది విదేశీ పక్షి. అంతరించిపోయే ముప్పున్న ప్రాణుల వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ అంతర్జాతీయ ఒప్పందంలో, 2017 నుంచి అత్యంత కఠినమైన మొదటి అనుబంధంలో ఉంది. మన వన్యప్రాణి చట్టంలో సెక్షన్ 49ఎం, దాని కింద వచ్చిన 2024 నియమాల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైట్ పరివేష్ పోర్టల్‌లో రిజిస్టర్ చేయించాలి. పిల్లలు పుట్టినా, చనిపోయినా, చేతులు మారినా తెలపాలి. ఇంకా చేయించకపోతే ఆలస్యం చేయకండి.

ఇక చూసుకోవడం. జంతువులపై క్రూరత్వ నివారణ చట్టం, 1960 సెక్షన్ 3 ప్రకారం, పెంచేవాళ్లు ఆ ప్రాణి బాగోగులకు తగిన జాగ్రత్తలన్నీ తీసుకోవాలి. మెసలడానికి చోటులేని పంజరం, పొట్టి గొలుసుతో కట్టేయడం, చాలినంత తిండి, నీరు, నీడ ఇవ్వకపోవడం సెక్షన్ 11 కింద నేరాలు. కాబట్టి మీ మీద ఎవరైనా ఫిర్యాదు చేస్తే మీ తరఫున మాట్లాడేది ఆ పంజరమే. పిల్లి లోపలికి రానక్కర్లేదు, నిద్రలో జాలీ పట్టుకున్న చిలుక వేళ్లు బయటికి వస్తే చాలు. అందుకే మధ్యలో రెండు మూడు అంగుళాల ఖాళీ వదిలి రెండు పొరల జాలీ వేయించండి. ఎలుకలు, పాములు దూరకుండా బయటి పొర కన్నాలు అరంగుళం మించకూడదు. కొత్త జింకు పూత జాలీని కొరికితే విషం, వీలైతే స్టెయిన్‌లెస్ స్టీలుదే తీసుకోండి. గడియను గ్రే ముక్కుతో తిప్పి తీసేయగలదు, తాళం వేయాల్సిందే. పైకప్పులో కొంత భాగమైనా ఎండావానా పడకుండా కప్పించండి. పని పూర్తయ్యాక తేదీ కనిపించేలా ఫొటోలు తీసిపెట్టుకోండి.

పిల్లి యజమాని నుంచి పరిహారం రాబట్టడం కష్టం. 1926లో బకుల్ వర్సెస్ హోమ్స్ కేసులో, పావురాలను చంపిన పిల్లి యజమాని బాధ్యుడు కాడని ఇంగ్లండ్ కోర్టు తీర్పు ఇచ్చింది. పిల్లికి వేటాడటం సహజ గుణమన్నది అందులోని తర్కం. మన కోర్టులు దానికి కట్టుబడి ఉండాలని లేదు గానీ, ఇలాంటి వ్యాజ్యాల్లో ఇంగ్లిషు తీర్పులను చూస్తాయి. రాత్రిళ్లు పిల్లిని బయటికి వదలొద్దని, గాయం సంగతి చెబుతూ వాళ్లకు ఒక లేఖ ఇచ్చి కాపీ ఉంచుకోండి. కోపంలో పిల్లికి విషం మాత్రం పెట్టొద్దు. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 325 కింద ఐదేళ్ల వరకు శిక్ష పడొచ్చు, అప్పుడు ముద్దాయి మీరవుతారు.

పెరట్లో ఉంటుంది కాబట్టి దొంగల సంగతీ ఆలోచించండి. గ్రే కాలి రింగు నంబరు, రిజిస్ట్రేషన్ పత్రం, దగ్గర్నుంచి తీసిన ఫొటోలు ఒకచోట ఉంచండి. పక్షి పోతే న్యాయ సంహిత సెక్షన్ 303 కింద దొంగతనం ఫిర్యాదు ఇచ్చి, ఎఫ్‌ఐఆర్‌లో ఆ రింగు నంబరు తప్పక రాయించండి.