మెథడోన్ క్లినిక్ వస్తోందంటే ఏం అడగాలి?

ప్రశ్న: మేం పెన్సిల్వేనియాలో ఉంటాం. మా కాలనీకి అరమైలు దూరంలో మెథడోన్ క్లినిక్, అంటే హెరాయిన్ లాంటి మత్తు వ్యసనానికి మెథడోన్ అనే మందిచ్చే కేంద్రం, పెడతారట. దొంగతనాలు పెరుగుతాయంటూ అసోసియేషన్ వాళ్లు సంతకాలు సేకరిస్తున్నారు. వచ్చే నెల టౌన్‌షిప్‌లో, అంటే మా స్థానిక పాలక సంస్థలో, విచారణ. సంతకం పెట్టమంటారా?

జవాబు: పెట్టకండి. విచారణకు మాత్రం తప్పకుండా వెళ్లండి.

క్లినిక్ అసలే వద్దనే అర్జీ కోర్టులో నిలవడం కష్టం. బడులకు, ఆటస్థలాలకు, ఇళ్లకు 500 అడుగుల లోపు మెథడోన్ క్లినిక్‌లను అడ్డుకునే చట్టం మీ రాష్ట్రంలోనే ఉండేది. దాని ఆధారంగా రెడింగ్ నగరం ఒక క్లినిక్‌కు అనుమతి నిరాకరించింది. ఆ చట్టం వికలాంగుల హక్కుల చట్టానికి విరుద్ధమని 2007లో ఫెడరల్ అప్పీల్ కోర్టు తేల్చేసింది; వ్యసనానికి చికిత్స పొందేవాళ్లకూ ఆ హక్కుల రక్షణ ఉంటుంది. విచారణలో ఎవరైనా లేచి ‘ఆ జనం మాకొద్దు’ అంటే ఆ మాట రికార్డుకెక్కి, రేపు టౌన్‌షిప్ మీదికే సాక్ష్యంగా వస్తుంది.

నేరాల సంగతి. బాల్టిమోర్‌లో చేసి 2016లో ప్రచురించిన అధ్యయనంలో, చికిత్సా కేంద్రాల చుట్టూ కంటే వీధి మూల కొట్ల చుట్టూనే హింసాత్మక నేరాలు ఎక్కువగా కనిపించాయి.

ఇబ్బంది అసలు రాదని కాదు. వచ్చేది పొద్దున్నే. వ్యసనానికి ఇచ్చే మెథడోన్ మామూలు మందుల షాపులో దొరకదు, ఫెడరల్ గుర్తింపు ఉన్న ఇలాంటి క్లినిక్‌లోనే ఇవ్వాలి. మొదట్లో చాలామంది రోజూ వచ్చి, నర్సు ఎదుటే ఆ ద్రవం తాగి వెళ్తారు. మందు ప్రభావం దాదాపు ఒక రోజే. ఉద్యోగాలకు వెళ్లేవాళ్ల కోసం ఐదింటికో ఆరింటికో తలుపులు తీస్తారు. మందిచ్చే కిటికీలు రెండే ఉండి, వందలమంది ఒకే వేళకు వస్తే క్యూ బయటికి పాకుతుంది, కార్లు రోడ్డెక్కుతాయి. అది రోగుల గుణం కాదు, ఏర్పాటులో లోపం. ఏర్పాటును ముందే సరిచేయించుకోవచ్చు.

అందుకే ఇవి అడగండి: కిటికీలు ఎన్ని? రద్దీ గంటలో ఎంతమంది వస్తారు? అంతమందికీ లోపల కూర్చునే చోటుందా? తలుపులు మందిచ్చే వేళకు ఎంత ముందు తీస్తారు? రద్దీ వేళ పార్కింగ్‌లో మనిషి ఉంటాడా? స్కూల్ బస్సు వేళతో అది కలుస్తుందా? ఫిర్యాదు చేస్తే ఫోన్ ఎత్తే మేనేజర్ ఎవరు? జవాబులు కాగితం మీద ఒప్పందంగా రాయించుకోండి. పక్కనున్న డెంటల్ క్లినిక్‌కు లేని షరతు దీనికి మాత్రమే పెట్టమని టౌన్‌షిప్‌ను పట్టుబట్టొద్దు, అదే మళ్లీ వివక్ష కిందికొస్తుంది.

ఇంకో ముఖ్యమైన ప్రశ్న: ఇంటికి ఎన్ని రోజుల మందు ఇస్తారు? 2024 ఫెడరల్ నిబంధనల ప్రకారం, చికిత్స మొదలైన తొలి 14 రోజుల్లో 7 రోజులకు సరిపడా, 15వ రోజు నుంచి 14 రోజులకు, 31వ రోజు నుంచి 28 రోజులకు సరిపడా ఇవ్వొచ్చు. క్లినిక్ ఒక్కొక్కరి పరిస్థితిని చూసి నిర్ణయిస్తుంది. ఇంటికి మందివ్వొద్దని గొడవ చేసే కాలనీలు తమ రోడ్డు మీద కార్లను తామే పెంచుకుంటున్నాయి.

దూరంగా పెట్టించాలనే ఆలోచన కూడా మానండి. బస్సు దొరక్క రెండు మూడు రోజులు మందు తప్పినవాడు మళ్లీ వీధిలో దొరికే ఫెంటనిల్ అనే బలమైన మత్తుమందు వైపు పోవచ్చు. మందు తప్పితే మత్తును తట్టుకునే శక్తి తగ్గిపోతుంది, పాత మోతాదే ప్రాణం తీయొచ్చు. ఇంకో రకం మందు, బుప్రెనార్ఫిన్, 2022 చివర్లో ప్రత్యేక అనుమతి నిబంధన ఎత్తేసినప్పటి నుంచి మామూలు ఫ్యామిలీ డాక్టర్లూ రాస్తున్నారు. అంటే మీ వీధిలోనే ఎవరో ఈ చికిత్స తీసుకుంటూ ఉండొచ్చు.

ప్రశ్న: ఇంటికిచ్చిన మందు పిల్లల చేతిలో పడితే?

జవాబు: ఇది నిజమైన ప్రమాదం. పెద్దవాళ్ల ఒక్క మోతాదు చిన్నపిల్లను చంపగలదు. పిల్లలు తీయలేని మూత, తాళం పెట్టె రెండూ ఉండాలి, ఫ్రిజ్‌లో జ్యూస్ పక్కన పెట్టకూడదు. తాగినట్టు అనుమానం వస్తే నిద్ర వస్తుందేమో చూద్దామని ఆగకుండా వెంటనే 911కి ఫోన్ చేయండి. ఇలాంటి మత్తుమందు ప్రభావాన్ని విరిచే, ముక్కులో కొట్టే 4 మిల్లీగ్రాముల నలాక్సోన్ స్ప్రే 2023 నుంచి చీటీ లేకుండానే దొరుకుతోంది. దాని ప్రభావం అరగంట నుంచి గంటన్నరలో తగ్గిపోతుంది, మెథడోన్ మాత్రం ఒంట్లో రోజంతా ఉంటుంది. పిల్ల లేచి కూర్చున్నా సరే, ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే.