కథలో పోలిక అతికించినట్టు కనిపిస్తే ఏం చేయాలి?

ఉపమ, రూపకం, ఉత్ప్రేక్షల లక్షణాలు తెలిసినా, సొంత కథలో వాటిని వాడగానే వాక్యం కృతకంగా తోస్తోందని మీరు అడిగారు. ఉదాహరణగా "అతని మనసులో జ్ఞాపకాలు సముద్రపు అలల్లా ఎగసిపడ్డాయి" అన్న మీ వాక్యాన్ని కూడా ఇచ్చారు. ఈ చిక్కు నాకు బాగా తెలిసినదే. నేను మొట్టమొదట ఒక పత్రికకు పంపిన కథ తిరిగి వచ్చినప్పుడు, సంపాదకుడు ఒక్క వ్యాఖ్య కూడా రాయకుండా, "లా", "వలె", "వంటి" అన్న మాటలన్నింటి కింద ఎర్ర గీతలు మాత్రం గీసి పంపారు. 8 పేజీల్లో 37 గీతలు లెక్కకు వచ్చాయి. కోపం తగ్గాక ఒక్కొక్క గీత దగ్గర ఆగి, ఈ పోలిక తీసేస్తే పాఠకుడికి ఏం తక్కువవుతుందని ప్రశ్నించుకుంటే, 30 చోట్ల నా దగ్గర జవాబు లేదు.

మిగిలిన 7 చోట్ల జవాబు ఎందుకు ఉందో అర్థం చేసుకోవడానికి నాకు పనికివచ్చింది, పరీక్షల కోసం బట్టీ పట్టిన పాత విభజనే. ఉపమకు ఉపమేయం, ఉపమానం, సమానధర్మం, ఉపమావాచకం అని నాలుగు అంగాలు. మీ వాక్యంలో జ్ఞాపకాలు ఉపమేయం, అలలు ఉపమానం, ఎగసిపడటం సమానధర్మం, "లా" అన్నది వాచకం. నాలుగూ ఉన్నాయి కాబట్టి అది పూర్ణోపమే, లక్షణం ప్రకారం లోపం లేదు. అయితే ఎగసిపడటం అలలు చేసే పని. జ్ఞాపకాలకు ఆ మాటను మనం అరువిచ్చాం. సమానధర్మం రెండు వైపులా ఉండవలసింది ఒక వైపు నుంచే రావడం వల్ల పోలిక అతికించినట్టు కనిపిస్తోంది. జ్ఞాపకాలు నిజంగా చేసేవి వేరే ఉన్నాయి: అవి పిలవకుండా వస్తాయి, ఒకటి మరొకదాన్ని లాక్కొస్తుంది, కొన్ని సరిగ్గా ముఖ్యమైన చోట తెగిపోతాయి. ఆ క్షణంలో మీ పాత్రకు వీటిలో ఏది జరిగిందో తేల్చుకున్నాక ఉపమానాన్ని వెతకండి. అప్పుడు అది దొరకనైనా దొరుకుతుంది, అక్కర్లేదనైనా తేలుతుంది.

సమానధర్మం స్పష్టంగా తెలిసిన తరువాత దాన్ని వాక్యంలోంచి తొలగించడం మరొక మెట్టు. దీనినే లుప్తోపమ అంటారు. "అతని మౌనం తడిసిన దుప్పటిలా బరువుగా ఉంది" అంటే పాఠకుడికి బరువు ఒక్కటే అందుతుంది. "తడిసిన దుప్పటి లాంటి మౌనం" అని ఆపితే బరువు, చలి, అంత తొందరగా ఆరదన్న విసుగు, అన్నీ అతనే తెచ్చుకుంటాడు. అయితే రచయితకు తెలిసి వదిలేయడానికీ, తెలియక వదిలేయడానికీ తేడా ఉంది, అది చదివేవారికి వెంటనే పట్టుబడుతుంది.

రూపకం గురించి ఎక్కువ చెప్పను. పోల్చే రెండింటికీ భేదం లేదని, రెండూ ఒకటేనని చెప్పడమే రూపకం. అలా ఒకసారి ఒప్పుకున్న తరువాత మాట తప్పకూడదు, అంతే. "కోపమనే నిప్పు అతనిలో వేళ్లూనింది" అని నేనే ఒకసారి రాశాను. నిప్పుకు వేళ్లుండవని స్నేహితురాలు నవ్వేదాకా నాకు తట్టలేదు.

నా అభిప్రాయంలో కథకుడికి అన్నింటికంటే ఎక్కువ పని చేసిపెట్టేది ఉత్ప్రేక్ష, ఎందుకంటే అది ఊహ, ఊహ అన్నాక దానికి ఊహించే మనిషి ఒకరుండాలి. "లోపలికి రావద్దన్నట్టుగా తలుపు కిర్రుమంది" అన్న వాక్యం తలుపు గురించి చెప్పేది చాలా తక్కువ. ఆ గుమ్మం ముందు నిలబడ్డవాడికి లోపలికి వెళ్లడానికి ధైర్యం చాలడం లేదని మాత్రం, ఆ మాట అనకుండానే చెబుతుంది. కాబట్టి ఏ అలంకారమైనా ఎవరి కంటితో చూస్తున్నామో వారి అనుభవంలోంచి రావాలి. తొమ్మిదేళ్ల పిల్ల చెప్పే కథలో నేను "వైరాగ్యంలా పరుచుకున్న సాయంత్రం" అని రాసి, చాలాకాలం ఆ వాక్యాన్ని చూసుకుని మురిసిపోయాను. చివరికి దాన్ని కొట్టేసినప్పుడు తెలిసింది, ఆ పేజీలో పిల్ల గొంతు మొదటిసారి వినిపించిందని.

పోలికలు తీసేస్తే వచనం బోసిపోతుందని భయపడవద్దు. ఉన్నదాన్ని ఉన్నట్టు, చూసి చెప్పడాన్ని స్వభావోక్తి అంటారు. సంస్కృత ఆలంకారికుడు దండి అర్థాలంకారాలలో, అంటే అర్థం మీద ఆధారపడ్డ అలంకారాలలో, దాన్నే మొదట చెప్పాడు. తరువాతి ఆలంకారికుడు కుంతకుడు మాత్రం అది అలంకారం కాదనీ, అలంకరించదగిన వస్తువేననీ వాదించాడు. వాదంలో ఎవరు గెలిచినా, గీతలు పడ్డ ఆ 30 చోట్లలో చాలావాటిని నేను పూడ్చుకున్నది స్వభావోక్తితోనే.

మాటల మోత మీద ఆధారపడ్డ శబ్దాలంకారాల దగ్గర మన భాషలో ఒక ప్రమాదం ఉంది. మన వాక్యం సాధారణంగా క్రియతో ముగుస్తుంది కాబట్టి "లేచింది", "చూసింది", "నవ్వింది" అని వరుసగా మూడు వాక్యాలు వస్తే, కోరకుండానే చివరి అక్షరాలు కలిసి అంత్యప్రాస పడి, గంభీరమైన సన్నివేశం కూడా పిల్లల పాటలా మోగుతుంది. పైకి చదివితే తప్ప ఇది దొరకదు. నేను ఒక వాక్యాన్ని నామవాచకంతో ఆపి, మరొకదాన్ని "లేచి, చూసి" అని క్త్వార్థంలోకి, అంటే ముగియని క్రియలోకి, మార్చి తప్పించుకుంటాను.

ఇక ధ్వని, అంటే మాటల్లో చెప్పకుండానే స్ఫురించే అర్థం. "సూర్యుడు అస్తమించాడు" అన్న ఒక్క వాక్యం, పని ముగించవలసినవాడికీ, ప్రియుడి కోసం ఎదురుచూసేదానికీ, పశువులను ఇంటికి తోలవలసినవాడికీ వేరువేరుగా వినిపిస్తుందని ఆలంకారికులు చెప్పారు. ఆ వాక్యంలో ఉపమ లేదు, రూపకం లేదు. అర్థమంతా వినేవాడి పరిస్థితిలోంచి పుడుతోంది. అందుకే మీ వాక్యానికి ముందు పేరాలో ఏముందో చూడకుండా, అలలను ఉంచాలో తీసేయాలో నేను చెప్పలేను. అతను అప్పటికి ఎక్కడ కూర్చున్నాడో, చేతిలో ఏ వస్తువు ఉందో, ఏ పని చేస్తూ మధ్యలో ఆగిపోయాడో ముందు రాయండి. పోలిక ఇంకా కావాలనిపిస్తే ఆ వస్తువులోంచీ ఆ పనిలోంచీ తీసుకోండి.