పై అంతస్తుకు ఎక్కని గ్రిడ్లు

అమ్మలూ,

నాలుగంతస్తుల మోడల్ మీద ఇంకో రెండు వేసే పని నీకు ఒప్పజెప్పారని మీ అమ్మ ఫోన్ చేసింది. పొంగిపోయాను. ఫోన్ పెట్టేశాక మాత్రం గుండెల్లో రాయి పడింది. ఎందుకో చెప్తా విను.

రెవిట్ సాఫ్ట్‌వేర్‌లో గ్రిడ్, అంటే కాలమ్‌ల వరసలు చూపే గీతలు, గీయడం నీకు నేను నేర్పక్కర్లేదు. పేర్లలో ఐ, ఓ అక్షరాలు వదిలెయ్, ఒకటీ సున్నా అనుకుంటారు.

నా భయమంతా పై అంతస్తుల గురించే. కొత్త అంతస్తుకు లెవెల్ వేసి దాని ప్లాన్ తెరుస్తావు, అందులో ఒక్క గ్రిడ్ కూడా ఉండదు. నాకూ అలాగే అయింది. సాయంత్రానికి డ్రాయింగులు వెళ్లాలి. విజిబిలిటీ సెట్టింగుల్లో అరగంట వెతికాను. ఎవరినైనా అడగడానికి నామోషీ, అప్పటికే పదేళ్ల సర్వీసు మరి! కింది అంతస్తు కాలమ్‌లను అండర్‌లేలో, అంటే అడుగున లేతగా కనబడేలా, పెట్టుకుని కంటి అంచనాతో కొత్త గ్రిడ్లు గీసేశాను. 'ఏ' అని పేరు పెడితే ఆ పేరు ఇప్పటికే ఉందంటూ ఒప్పుకోలేదు. అంత స్పష్టంగా చెప్తుంటే మనిషన్నవాడు ఆగాలా వద్దా? 'ఏ1' అని పెట్టి ముందుకెళ్లాను.

ఒక వరస 35 మిల్లీమీటర్లు జరిగింది. కొన్నాళ్లకు సైటు నుంచి మేస్త్రీ ఫోటో పంపాడు. కింది కాలమ్ నుంచి వదిలిన చువ్వలు ఒకవైపు షట్టరింగ్ పలకకు దాదాపు ఆనుకుని ఉన్నాయి. చువ్వల బయట 40 మిల్లీమీటర్ల కాంక్రీటు కవర్ ఉండాల్సిన చోట 5 మిగిలింది. "మేమేమైనా తప్పు కట్టామా సార్?" అని అడిగాడు పాపం. ఆ ఫోటో ఇంకా నా ఫోన్‌లోనే ఉంది.

గ్రిడ్‌ని గీత అనుకోకు, నిలువుగా వేలాడే తెర అనుకో. తెర పై అంచు కొత్త లెవెల్ దాటితేనే ఆ ప్లాన్‌లో కనబడుతుంది. సౌత్ ఎలివేషన్, అంటే దక్షిణం వైపు నుంచి చూసే నిలువు బొమ్మ, తెరిచి, పై చివర పట్టుకుని ఆఖరి లెవెల్ దాటించు. తాళం బొమ్మ కనబడితే వరసలోవన్నీ వెంట వస్తాయి. చివర దగ్గర '2డి' అని ఉంటే ముందు దాన్ని నొక్కి '3డి' చెయ్, లేకపోతే ఆ ఒక్క వ్యూలోనే సాగుతుంది. స్కోప్ బాక్స్‌కి, అంటే గ్రిడ్ల హద్దు పట్టి ఉంచే పెట్టెకి, కట్టి ఉంటే చివర లాగినా రాదు, బాక్స్ ఎత్తే పెంచాలి. సౌత్‌లో కనబడేవి ఒక దిక్కువే తల్లీ, ఈస్ట్ ఎలివేషన్ కూడా తెరువు. నువ్వు చిన్నప్పుడు ఒక కాలికే చెప్పు వేసుకుని పరిగెత్తేదానివి, అందుకే ఇంతలా చెప్తున్నా.

పనయ్యాక అన్నిటికీ కదలకుండా పిన్ వెయ్. వేశావో లేదో రాత్రికి ఒక మెసేజ్ పెట్టు, నాకు నిద్ర పట్టాలిగా.

మీ పెదనాన్న