ఫ్లైట్ రద్దయితే టికెట్ డబ్బులతోనే సరిపెట్టుకోవాలా?

ప్రశ్న: మాది హనుమకొండ. 2025 డిసెంబరు మొదటి వారంలో నలుగురం ఢిల్లీ వెళ్లడానికి ఇక్కడి ఏజెంట్ దగ్గర టికెట్లు తీసుకున్నాం. రాత్రే టాక్సీ కట్టుకుని శంషాబాద్ చేరాం. ఉదయం 6 గంటల ఫ్లైట్ రద్దయిందని కౌంటర్ దగ్గర చెప్పేదాకా మాకు తెలియదు. 'ఆపరేషనల్ రీజన్స్' అన్నారంతే. టికెట్ డబ్బు కూడా బ్యాంకులో వేయకుండా క్రెడిట్ షెల్‌లో (అదే ఎయిర్‌లైన్‌లో తర్వాత టికెట్‌కు వాడుకునేలా వాళ్ల దగ్గరే జమగా) పెట్టారు. పరిహారం అడగొచ్చా? కేసు వేయాలంటే ఢిల్లీ పోవాలా?

జవాబు: పోనక్కర్లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 34 ప్రకారం మీరు నివసించే జిల్లాపై అధికారమున్న వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయొచ్చు. కేసులు ఫలానా నగరంలోనే వేయాలని టికెట్ షరతుల్లో రాసి ఉన్నా ఈ హక్కు పోదు.

ముందు టికెట్ డబ్బు సంగతి. క్రెడిట్ షెల్ తీసుకోవాలా, నగదు వాపసు తీసుకోవాలా అన్నది పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధనల ప్రకారం ప్రయాణికుడి ఇష్టం. ఏజెంట్ ద్వారా కొన్నా వాపసు బాధ్యత ఎయిర్‌లైన్‌దే. కాబట్టి 'ఏజెంట్‌ను అడగండి' అంటే ఒప్పుకోకండి.

పరిహారం దీనికి అదనం. రద్దు సంగతి ముందుగా తెలపకపోతే ప్రయాణ సమయాన్ని బట్టి ఒక్కొక్కరికి గంటలోపు ఫ్లైట్‌కు 5,000, రెండు గంటల వరకు 7,500, అది దాటితే 10,000 రూపాయలు. అయితే ఒక మెలిక ఉంది: ఆ మొత్తం, ఒకవైపు బేసిక్ ఫేర్‌తో ఫ్యూయల్ ఛార్జీ కలిపిన మొత్తం, ఈ రెండింట్లో ఏది తక్కువైతే అదే ఇస్తారు. హైదరాబాద్–ఢిల్లీ రెండు గంటలు దాటుతుంది. మీ టికెట్‌లో ఆ రెండూ కలిపి 4,600 ఉందనుకుంటే, పదివేలు కాదు, 4,600 చొప్పున నలుగురికి 18,400 వస్తుంది.

ఎక్కువ కేసులు దెబ్బతినేది ఫోన్ నంబరు దగ్గరే. మన దగ్గర చాలామంది ఏజెంట్లు బుకింగ్‌లో తమ నంబరే వేస్తారు. మెసేజ్ ఆ నంబరుకు పోతుంది, ఎయిర్‌లైన్ 'మేం తెలిపాం' అంటుంది. ప్రయాణికుడు సరైన నంబరు ఇవ్వకపోతే పరిహారం లేదని నిబంధన కూడా ఉంది. బుకింగ్‌లో ఎవరి నంబరుందో ఇవాళే చూడండి. ఏజెంట్‌దైతే, ఆ ఫోన్‌కు ఏ రోజు ఎన్ని గంటలకు మెసేజ్ వచ్చిందో తేదీ, సమయం కనపడేలా స్క్రీన్‌షాట్ తీయించుకోండి. ఏజెంట్‌ను రెండో ప్రతివాదిగా చేర్చండి.

తమ చేతుల్లో లేని కారణమని ఎయిర్‌లైన్ వాదించవచ్చు. పొగమంచైతే ఆ వాదన నిలుస్తుంది. 2011లో ఒక ఢిల్లీ–హైదరాబాద్ ఫ్లైట్ కేసులో సుప్రీంకోర్టు పొగమంచు ఆలస్యం సేవాలోపం కాదంది. కానీ చిక్కుకున్న ప్రయాణికులకు కనీస సౌకర్యాలు కల్పించే బాధ్యత తప్పదనీ చెప్పింది. పైలట్ల విశ్రాంతి నిబంధనల వల్ల సిబ్బంది చాలలేదంటే మాత్రం గట్టిగా ఎదుర్కోవచ్చు. ఆ నిబంధనలు 2024 జనవరిలోనే వచ్చాయి, రెండో విడత 2025 నవంబరు 1 నుంచి అమలైంది. సిద్ధం కావడానికి అంత గడువుండగా అది అనుకోని ఆపద ఎలా అవుతుంది? నా దృష్టిలో మీ కేసుకు బలం ఇక్కడే.

టాక్సీ కిరాయి, హోటల్, మర్నాడు ఎక్కువ ధరకు టికెట్లు కొని ఉంటే ఆ తేడా, మానసిక వేదన, కేసు ఖర్చులు కమిషన్‌లో విడివిడిగా అడగండి. టాక్సీకి బిల్లు లేకపోతే డ్రైవర్‌కు పంపిన యూపీఐ వివరం, టోల్ రసీదు చాలు. ఎయిర్‌లైన్ నుంచి రద్దు ధ్రువపత్రం తీసుకోండి.

మొదట ఎయిర్‌లైన్‌లో ఫిర్యాదులు చూసే నోడల్ అధికారికి మెయిల్ పెట్టి, విమానయాన శాఖ ఫిర్యాదుల పోర్టల్ ఎయిర్‌సేవలోనూ ఫిర్యాదు నమోదు చేయండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకూ చెప్పొచ్చు. 15 రోజులు గడువిస్తూ స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. జవాబు రాకుంటే వినియోగదారుల కమిషన్ల ఆన్‌లైన్ పోర్టల్ ఈ-జాగృతిలో కేసు దాఖలు చేయండి. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు, వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు. గడువు రెండేళ్లు, అంటే 2027 డిసెంబరు మొదటి వారంలోపు.

ఈలోగా ఆ క్రెడిట్ షెల్‌తో కొత్త టికెట్ బుక్ చేయకండి. ఒకసారి వాడితే మీరు దానికి ఒప్పుకున్నారనే వాదిస్తారు.