నూలు కంపెనీ టెక్స్‌ట్రాన్ హెలికాప్టర్ల తయారీలోకి ఎలా వచ్చింది?

టెక్స్‌ట్రాన్ హెలికాప్టర్ల తయారీని సొంతంగా మొదలుపెట్టలేదు. అప్పటికే వాటిని తయారు చేస్తున్న బెల్ సంస్థ రక్షణ వ్యాపారాన్ని 1960లో కొనుగోలు చేసి ఆ రంగంలోకి వచ్చింది. 1923లో రాయల్ లిటిల్ అమెరికాలోని బోస్టన్‌లో టెక్స్‌ట్రాన్‌ను కృత్రిమ నూలు వ్యాపారంగా ప్రారంభించారు. వస్త్ర పరిశ్రమలో లాభాలు నిలకడగా ఉండకపోవడంతో, ఒక రంగం మందగించినా మరొకటి ఆదుకునేలా, ఒకదానితో ఒకటి సంబంధం లేని సంస్థలను ఆయన 1950లలో కొనడం మొదలుపెట్టారు. ఇందులో పన్నుల లెక్క కూడా ఉంది, అసలు కీలకం బహుశా అదే: 1955లో విలీనమైన అమెరికన్ ఉలెన్ సంస్థ పాత నష్టాలను, కొత్తగా కొన్న వ్యాపారాల లాభాల్లో మినహాయించుకునే వీలు కలిగింది. పేరును బట్టి టెక్స్‌ట్రాన్ నేటికీ వస్త్ర సంస్థేనని అనుకోవడం పొరపాటు. మిగిలిన వస్త్ర వ్యాపారాన్ని 1963లోనే అమ్మివేసింది.